ఒడ్డున అందుకుంటేనే

జూలై 7, సోమవారం

పీర్ల పండగ అయిపోయి, పీర్లు నిన్న ఏటికి పోయి వచ్చినాయి. అప్పుడు మోకాటి లోతు నీళ్లు కూడా లేవు. ఈ పొద్దు తెల్లారీతెల్లారకముందే అవతలి గట్టు నుంచి దేవేంద్రప్ప ఫోన్ చేసినాడు.

"నీరు బిట్టారంతె జయరామప్పా. డ్యాం గేట్లెత్తినారు. ఇంగ నీ బోటు దించుకో."

ఆయన వరిమళ్లు కర్ణాటకలో. మా ఊరి ఆడోళ్లు ఆ మళ్లకు నాట్లకు పోవాలంటే ఏరు దాటాల. దాటాలంటే నా బోటు ఎక్కాల.

మంచం కింద నుంచి ఇంజన్ బయటికి లాగి గోనెపట్ట విప్పినాను. నేనొక పక్క, నా పెండ్లాం హుసేనమ్మ ఒక పక్క పట్టుకోని రేవుకు మోసుకపోయినాము. పోయిన ఏడు ఒక్కణ్ణే భుజాన వేసుకోని పోతాంటి. నూనె, మన్ను పట్టి బరువెక్కినట్టుంది.

నీలం డ్రమ్ము నిండా నీళ్లు పోసి, పక్కనున్న దుంగకు ఇంజన్ బిగించి, అడుగున తిరిగే ఫ్యాను నీళ్లలో మునిగేటట్టు పెట్టినాను. బోటు నడిపే ప్రతిరోజూ ఇదే పద్ధతి. ఒడ్డున ఇంజన్ అందుకుంటేనే, అంటే స్టార్టయితేనే, బోటుకు తగిలించాల. అందుకోకుంటే ఆ పొద్దుకు బోటు దించేది లేదు. రేవుకు దిగువన బండలున్నాయి. నడిమేట్లో ఇంజన్ ఆగితే నీళ్లు బోటును నేరుగా ఆడికే తోసకపోతాయి. బోటెక్కే వాళ్లు తొందర పెట్టినప్పుడల్లా ఈ మాటే చెప్తాను.

తాడు గుంజినాను. అందుకోలేదు. మళ్లీ గుంజినాను. మళ్లీ మళ్లీ గుంజినాను.

"ఎండాకాలమంతా మూలకు పడుంటే ఏదైనా అంతే. ప్లగ్గు పోయింటాది" అన్నాను.

హుసేనమ్మ డ్రమ్ము పట్టుకోని నిలబడింది. ఇంజన్ దిక్కు చూడకుండా నా చెయ్యి దిక్కు చూస్తాండింది.

జూలై 8, మంగళవారం

ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దినాను. చానాసేపు గుంజినంక ఒకసారి దగ్గి, పొగ వదిలి, ఆగిపోయింది. చొక్కా తడిసిపోయింది.

ఈ పెన్ను బాగలేదు. అక్షరాలు పక్కకు వాలిపోతాండాయి. ఆదోని నుంచి మల్లేశ్వరి వచ్చేటప్పుడు మంచి పెన్ను తెమ్మని చెప్పాల. కూతురు తెచ్చే పెన్ను కోసం ఏడాదంతా కూర్చోవాల్సిందేనని హుసేనమ్మ నవ్వుతాది. నవ్వనీ.

జూలై 9

తాడు బిర్రుగా ఉంది. అందుకే.

జూలై 10, గురువారం

ఇంజన్‌ను గోనెపట్టలో చుట్టుకోని ఎమ్మిగనూరుకు పోయినాను. బస్సెక్కించేటప్పుడు హుసేనమ్మ, దించేటప్పుడు ఒక ఆటో అతను సాయం పట్టినారు. మగ్గాల వీధి మలుపులో నాగేంద్ర షాపు. పంపుసెట్లు, ఆటోలు బాగుచేస్తాడు. నా ఇంజన్ ఏ బోల్టు ఏ పక్క తిరుగుతాదో ఆయనకు తెలుసు.

షాపు ముందర డ్రమ్ములో ఇంజన్ నిలబెట్టినాడు. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకోని ఎవరితోనో మాట్లాడుతానే ఇంకో చేత్తో తాడు గుంజినాడు. ఒక్క గుంజుకే అందుకుంది. డ్రమ్ములో నీళ్లు ఎగిరి మా ఇద్దరి మీదా పడినాయి.

"ఏముందన్నా దీనికి? శుభ్రంగా ఉంది."

"ఇంటికాడ అందుకోలేదు."

ఫోన్ జేబులో పెట్టుకోని ప్లగ్గు కొత్తది వేసినాడు, తాడు కూడా కొత్తది వేసినాడు. మళ్లీ గుంజినాడు. మళ్లీ ఒక్క గుంజుకే.

"ఒకసారి నువ్వు గుంజు, సూస్తా. గుంజేదాంట్లో ఏమన్నా తేడా ఉందేమో."

"బస్సుకు టైమయింది" అన్నాను.

నిన్ను చిన్నప్పటి నుంచి ఎరుగుదునులే అన్నట్టు నాగేంద్ర ఒక చూపు చూసినాడు. నాకంటే చిన్నోడు.

బస్సుకు టైం కాలేదు. బస్టాండులో గోనెమూట పక్కన చానాసేపు కూర్చున్నాను. మా దిక్కు పోయే కౌతాళం బస్సు ఒకటి వచ్చి పోయింది. ఎక్కలేదు. మూట ఎత్తమని ఎవరినన్నా అడగాల. అడగబుద్ధి కాలేదు.

జూలై 11

ఇంటికాడ అందుకోలేదు.

నాగేంద్ర షాపు ఎండలో ఉంటాది. ఆడ ఇంజన్ వేడెక్కింటాది. ఈడ ఏటి గాలికి చల్లబడిపోతాంది. అంతే తేడా.

జూలై 14, సోమవారం

ఎస్తేరు ఇంటికొచ్చింది. నాట్ల గుంపుకు ఆమే మేస్త్రీ. కూలి మాట్లాడేది, మనుషులను కూడగట్టేది అంతా ఆమే. గడప బయటే నిలబడి మాట్లాడింది. లోపలికి రా అంటే, కాళ్లకు బురద ఉందనింది.

"అన్నా, గురువారం నుంచి నాట్లంట. దేవేంద్రప్ప ఫోన్ చేసినాడు. బోటు తయారేనా?"

"నేనుండాను కదమ్మా."

"ఇంజను ఎమ్మిగనూరుకు పోయొచ్చిందంటనే."

"ప్లగ్గు మార్పిచ్చినా. ఏటా ఉండేదే."

"బోటు లేకుంటే సెప్పన్నా. బ్రిడ్జి మీద సుట్టు తిరిగి పోవాల. ఆటోలోనే సగం పొద్దు పోతాది. ఆలస్యమైతే ఆయప్ప సింధనూరు దిక్కు నుంచి వేరే గుంపును పిలిపిస్తాడు. పోయినేడు ఒక్కదినం మేం పోకుంటే అట్లే సేసినాడు."

"గురువారం పొద్దున రేవుకు రాండి" అన్నాను.

ఆమె పోయినంక హుసేనమ్మ చాటలో బియ్యం చెరుగుతా, తల ఎత్తకుండా అడిగింది. "ఇంజనా, సెయ్యా?"

"ఏం సెయ్యి?"

"పొద్దున సొక్కా గుండీలు ఎడమసేత్తో పెట్టుకుంటాంటివి."

"కుడిచెయ్యి మీద పండుకున్నా. తిమ్మిరి పట్టింది."

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటా కూర్చునింది.

జూలై 16, బుధవారం

ఈ పొద్దు హుసేనమ్మ గుంజింది. నేను అడగలేదు. గుంజి గుంజి కూర్చుంటే, "లెయ్యి" అని పక్కకు జరిపి, ఒక కాలు దుంగ మీద ఆనించి, రెండు చేతుల్తో తాడు పట్టుకోని ఒక్క ఊపు ఊపింది. అందుకుంది.

నేను అంతసేపు గుంజి పెట్రోలు పైకి తెచ్చి పెట్టినాను కాబట్టి ఆమెకు అందుకుంది. ఆ మాటే చెప్పినా. "సరేలే" అనింది.

జూలై 17, గురువారం

బోటు దించినాము.

ఆడోళ్లు రాకముందే నేనూ హుసేనమ్మా రేవుకు పోయి డ్రమ్ములో ఇంజన్ స్టార్ట్ చేసి, బాగా వేడెక్కనిచ్చి, ఆపి, బోటుకు తగిలించినాము. వేడి మీదుండే ఇంజన్‌కు పెద్ద బలం అక్కర్లేదు. ఆడోళ్లంతా ఎక్కి కూర్చున్నంక నేను మెల్లగా గుంజితే అందుకుంది. ఎవరికీ ఏమీ తెలియాల్సిన పని లేదు.

పైకి ఎదురుగా కొంత దూరం పోయి, ఆడ నుంచి అడ్డంగా కొట్టి, అవతలి మెట్లకాడ ఆపినాను. ఎప్పుడూ పోయేటట్లే పోయినాను. సాయంత్రానికి ఇంజన్ చల్లారిపోయింది కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు దేవేంద్రప్ప పంపుసెట్టు కాపలా ఉండే అతనితో తాడు గుంజించినాను, నాకు తిక్క పనులు చెప్పద్దు అన్నట్టు నవ్వుతా గుంజినాడు.

చానా దినాల తర్వాత ఏటి మీద గాలి తగిలింది. అలసట అనిపించింది కానీ మంచి అలసట.

జూలై 20

నీళ్లు పెరిగినాయి. బాగానే నడుస్తాంది.

జూలై 22

టీ గ్లాసు జారి పగిలింది. చేతికి నూనె ఉండింది.

జూలై 23

మల్లేశ్వరి ఫోన్ చేసింది. అమ్మ ఏదో చెప్పినట్టుంది. "నాయనా, ఆదోనికి రా, డాక్టరుకు సూపిద్దాం" అంటాంది. నాట్ల కాలంలో రేవు విడిచి యాడికి పోతాను. బాగుండానని చెప్పినా. బాగుండాను కూడా.

జూలై 27, ఆదివారం. పొద్దున

హుసేనమ్మ అక్క బిడ్డకు కాన్పయింది. చూసేదానికి హుసేనమ్మ నిన్ననే కోసిగికి పోయింది. ఈ పొద్దు నేనొక్కణ్ణే. దేవేంద్రప్ప తొందర పడుతుండాడు, ఆదివారం కూడా నాట్లేనంట. ఎస్తేరు వాళ్లు చర్చికి పొద్దున్నే పోయి వచ్చి ఎక్కుతామన్నారు. వాళ్లు వచ్చేలోపల స్టార్ట్ చేసి పెట్టాల.

జూలై 28, సోమవారం

నిన్నటిది రాయాల. రాయకుంటే అది వేరేగా తయారవుతాది నా తలకాయలో.

నిన్న పొద్దున డ్రమ్ములో ఇంజన్ అందుకోలేదు. చర్చి నుంచి ఆడోళ్లు వచ్చేసినారు. తెల్లచీరలు మార్చుకోని, పాత చీరల మీద మగోళ్ల చొక్కాలు వేసుకోని, క్యారియర్లు పట్టుకోని గట్టు మీద వరుసగా నిలబడినారు. నేను గుంజుతానే ఉన్నాను. ఎండ ఎక్కుతాంది. అవతల దేవేంద్రప్ప గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతుండాడు.

"ఒడ్డున ఇది ఇట్లే మొండికేస్తాది. ఏట్లో నీళ్లు తగిల్తే అందుకుంటాది" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరో బలవంతం చేసింది కాదు.

ఇద్దరు ఆడోళ్లు పట్టుకుంటే ఇంజన్ బోటుకు తగిలించినాము. గుంజినాను. ఏదో అదృష్టం, రెండో మూడో గుంజుకు అందుకుంది. వాళ్లలో ఒకామె చప్పట్లు కొట్టింది. నాకు నవ్వొచ్చింది. పొద్దున పోయేటప్పుడు ఏమీ కాలేదు.

సాయంత్రం వెనక్కి వస్తాంటే నడిమేట్లో ఇంజన్ గుర్రుమని ఆగిపోయింది. ఫ్యానుకు పాత చీర చుట్టుకునింది. పైన యాడో స్నానాల రేవులో ఎవరో విడిచేసిన చీర. ఇంజన్‌ను పైకి లేపితేనే అది తీసేదానికి వీలయ్యేది. లేపబోయినాను. కుడిచెయ్యి పట్టలేదు. పట్టినట్టే ఉంది, మళ్లీ చూస్తే వేళ్లు విడిపోయి ఉన్నాయి. ఎస్తేరు వచ్చి లేపింది. ఇంకొకామె వంగి చీర పీకింది. తడిసిన చీర, పీకేకొద్దీ వస్తానే ఉంది. అంతలోపల బోటు పక్కకు తిరిగి దిగువకు పోతాంది.

చీర అయిపోయినంక తాడు పట్టుకున్నాను. గుంజితే సగం దూరం వచ్చి చేతిలోంచి జారి లోపలికి పోయింది. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ అట్లే. ఎడమచేత్తో పట్టుకోని వెనక్కి తిరిగి గుంజబోతే బోటు ఒరిగింది. ఆడోళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. బండల కాడ నీళ్ల మోత వినపడింది.

"అన్నా, జరుగు" అనింది ఎస్తేరు.

జరిగినాను.

"ఎట్ల గుంజాల సెప్పు."

"ముందు మెల్లగా గుంజు, బిగువు తగిలేదాంక. అప్పుడు ఒక్కసారిగా లాగు."

ఆమె నేను చెప్పినట్టే చేసింది. మొదటిసారి కాలేదు. వెనకాల ఒకామె పైకే ప్రార్థన చేస్తాండింది. ఇంకో ఇద్దరు తెడ్లు తీసుకోని ఎట్లపడితే అట్ల నీళ్లు కొడతాండారు. ఎస్తేరు చెప్పులు విడిచేసి, బోటు చెక్కకు కాలు తన్నిపెట్టి మళ్లీ లాగింది. అందుకుంది. ఎడమచేత్తో పిడి పట్టుకోని తిప్పినాను. బండలు దగ్గరగా కనపడినాయి. వాటి మీద ఒక కొంగ కూర్చోనుండింది. అది లేవను కూడా లేవలేదు.

ఒడ్డుకొచ్చినంక అందరూ దిగి క్యారియర్లు తీసుకున్నారు. తిట్టినా బాగుండు. ఎస్తేరు అందరినీ ముందు పంపించి నాకాడికొచ్చింది.

"అన్నా, పొద్దున ఒడ్డున స్టార్టు కాలేదు. మేం సూసినాం. సూసి కూడా ఎక్కినాం. తప్పు మాది కూడా ఉంది." కొంగుతో చేతులు తుడుచుకునింది. అరచేతిలో తాడు ఒరుసుకపోయి ఎర్రగా ఉంది. "రేపట్నుంచి మేం బ్రిడ్జి మీద పోతాం. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటానమ్మా" అన్నాను.

జూలై 29

ఎవరూ రాలేదు.

జూలై 30

చీర చుట్టుకునింది. ఎవరికైనా చుట్టుకుంటాది. ఎంత మంచి బోటువాడికైనా.

జూలై 31, గురువారం

కోసిగి నుంచి హుసేనమ్మ వచ్చింది. బస్సులోనే అంతా విన్నట్టుంది. సంచి దించి, కాళ్లు కడుక్కోని, నా ఎదురుగా కూర్చునింది.

"ఎవురు గుంజినారు?"

"ఎస్తేరు."

"నువ్వు?"

చీర సంగతి చెప్పబోయినాను. ఆమె వినలేదు. నా కుడిచెయ్యి తీసుకోని తన ఒళ్లో పెట్టుకోని, వేళ్లు ఒక్కొక్కటే మడిచి, తెరిచి చూసింది. చిన్నపిల్లల చేతికి గోళ్లు తీసేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకునింది.

"గట్టిగా పట్టుకో నా సెయ్యి" అనింది.

పట్టుకున్నాను.

"పట్టుకో అంటే."

"పట్టుకున్నా కదా."

ఆమె ఏడవలేదు. లేచిపోయి మల్లేశ్వరికి ఫోన్ చేసింది.

ఆగస్టు 2, శనివారం. ఆదోని

మల్లేశ్వరి తను పనిచేసే పత్తి జిన్నింగు మిల్లుకు సెలవు పెట్టింది. డాక్టరు వయసు పిల్లోడు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి పెట్టి, కండ్లు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. తెరవమన్నాడు. తెరిచి చూస్తే ఎడమచెయ్యి యాడ పెట్టింది ఆడే ఉంది. కుడిది కిందికి వాలి, పక్కకు తిరిగి, ఎవరిదో చెయ్యి మాదిరి ఉంది. చాపే పెట్టినానని అనుకుంటాంటి.

ఇంతవరకూ అది నేను చూడలేదు. చూడలేదా?

తలకాయకు స్కానింగు తీసినారు. తలలో ఒక చిన్న రక్తనాళం మూసుకపోయిందంట. ఇప్పుడు కాదు, ఎండాకాలంలోనే అయ్యుంటుందన్నాడు. "అప్పుడేమన్నా అనిపించిందా? తల తిరగడం, మాట తడబడడం?" అని అడిగినాడు. మే నెలలో ఒక పొద్దు లేస్తానే చెయ్యి మొద్దుబారి ఉండింది. ఎండదెబ్బ అనుకోని మజ్జిగ తాగి పండుకున్నాను. అది చెప్పినాను. హుసేనమ్మ నా దిక్కు తిరిగింది. ఆమెకు కూడా ఆ సంగతి చెప్పలేదు అప్పట్లో.

"చెయ్యి వస్తాదా సార్?" అని మల్లేశ్వరి అడిగింది.

"మాత్రలు వేసుకుంటా, రోజూ వ్యాయామం చేస్తే కొంత రావచ్చు. పూర్తిగా వస్తుందని చెప్పలేను. ముందు ఇంకోసారి రాకుండా చూసుకోవాల."

బయటికొచ్చినంక మెట్ల మీద మల్లేశ్వరి నన్ను నిలబెట్టి, "ఫోన్లో ఎన్నిసార్లడిగినా బాగుండా బాగుండా అంటివి కదా నాయనా" అనింది. గొంతు పెంచలేదు. నేను మెట్ల కింద చెరుకురసం బండి దిక్కు చూస్తా ఉన్నాను.

ఆగస్టు 3. ఆదోని

మల్లేశ్వరి కొత్త పెన్ను తెచ్చిచ్చింది. అక్షరాలు అట్లే వాలుతాండాయి.

ఆగస్టు 6

నిద్ర, మాత్రలు, నిద్ర. రబ్బరు బంతి పిసకమన్నారు. పిసుకుతాండాను. అది పిసికినట్టు కనపడదు.

ఆగస్టు 9, శనివారం

ఊరికి వచ్చినాము. బోటు గట్టు మీద బోర్లించి ఉంది. నాగేంద్ర ఫోన్ చేసినాడు. హుసేనమ్మ చెప్పిందంట. "అన్నా, అమ్మేదుంటే సెప్పు, సాగర్ దిక్కు చేపలోళ్లు అడుగుతుండారు" అన్నాడు. మంచికే అన్నాడు. మళ్లీ, "ఆ పొద్దు షాపులో నేనే గట్టిగా అడగాల్సింది" అన్నాడు. నువ్వడిగితే మాత్రం నేను చెప్పేవాణ్ణా.

అమ్మేద్దామని హుసేనమ్మతో అన్నాను. ఆమె పొయ్యి ఊదుతాంది.

"నేను నడుపుతా" అనింది.

"నువ్వా?"

"స్టార్టు సేసింది ఎవురు ఇన్నాళ్లూ?"

"స్టార్ట్ చేస్తే అయిపోలేదు. నీళ్లు తెలియాల. యాడ సుడి ఉంది, యాడ ఇసుక మేట వేసింది, ఇవన్నీ..."

"నీళ్లు సూసి సెప్పేదానికి నోరు బాగానే ఉంది కదా నీకు."

ఆడమనిషి బోటు నడిపితే ఊరేమంటుందో చెప్పినాను. ఈదేది రాదు కదా అన్నాను. నీకు మాత్రం ఏం బాగా వస్తాదని ఆమె ఎదురడిగింది. వాదించే ఓపిక లేక పండుకున్నాను. అట్ల పండుకోవడం ఈ మధ్య అలవాటైపోయింది.

ఆగస్టు 12

నేర్పిస్తాండాను. నాకు నేర్పించేది రాదు. అరుస్తాండాను. నా చేతులకు తెలిసింది నా నోటికి తెలియదు. "ఆడ, ఆడ" అంటాను, ఆమె "యాడ?" అంటాది. అంతలోపల ఆ నీళ్లు దాటిపోయింటాయి.

ఆగస్టు 14

ఈ పొద్దు పోట్లాడుకున్నాము. బోటును ఇసుకమేట మీదికి ఎక్కించింది. దిగి ఇద్దరమూ తోసినాము. నేను తోసినట్టు నటించినాను. ఆమెకు తెలుసు. తోసినంక మేట మీదే కూర్చోని బిస్కెట్లు తిన్నాము. చుట్టూ నీళ్లు. పెళ్లైన కొత్తలో కూడా ఇట్ల ఇద్దరమే యాడా కూర్చోలేదు. ఆ మాట చెప్తే, "అప్పుడు నీకు ఎప్పుడూ పనే" అనింది.

ఆగస్టు 17, ఆదివారం

బ్రిడ్జి మీద పోయే గుంపు సగమైపోయిందంట. వయసైన వాళ్లు ఆ తిరుగుడు తిరగలేక మానుకున్నారు. ఎస్తేరు రోడ్డు మీద ఎదురైంది. కాళ్లు లాక్కుంటా నడుస్తాంది. "సెయ్యి ఎట్లుందన్నా?" అని అడిగింది. అట్లే ఉందని చెప్పినాను. మొదటిసారి బయటి మనిషికి ఆ మాట చెప్పినాను. చెప్పినంక ఏదో ఒకటి జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు. ఆమె తల ఊపి, "మా నాయనకు కూడా అట్లే అయింది" అని, ఇంటికి పోయింది.

ఆగస్టు 19, మంగళవారం

నడిమేట్లో, బండలకు చానా పైన, ఇంజన్ ఆపమన్నాను హుసేనమ్మను.

"ఏమిటికి?"

"ఒడ్డున స్టార్ట్ చేసేది నీకొస్తాది. కదిలే నీళ్లలో, బోటు ఊగుతాంటే, భయంలో చెయ్యాల. అది చూడాల."

"వద్దు."

చెయ్యి చాపి నేనే ఆపినాను. ఎడమచెయ్యే. చప్పుడు పోయింది. బోటు మెల్లగా తిరిగింది. హుసేనమ్మ నా దిక్కు చూసిన చూపు రాయలేను. ఆ తర్వాత తాడు పట్టుకునింది. మొదటి గుంజు వట్టిది. రెండోది వట్టిది. నేను ఎడమచేత్తో తెడ్డు పట్టుకోని కూర్చున్నాను, ఏమీ చెప్పకుండా. చెప్పకుండా ఉండేది కష్టమైంది. కాలు సర్దుకోని మూడోసారి లాగింది. అందుకుంది.

ఒడ్డుకొచ్చినంక ఇల్లు చేరేదాంక నాతో మాట్లాడలేదు. ఇంటికి పోయినంక, "రేపు మళ్లీ ఆపు" అనింది.

ఆగస్టు 23, శనివారం

హుసేనమ్మ ఎస్తేరు ఇంటికి పోయి అడిగొచ్చింది. నాట్లు అయిపోవచ్చినాయి, ఇంగ కలుపులు. సోమవారం రేవుకు వస్తామన్నారంట. ఎక్కుతామని మాత్రం అనలేదంట. వచ్చి చూస్తామన్నారంట.

ఆగస్టు 25, సోమవారం

పొద్దున అందరూ వచ్చి గట్టు మీద కూర్చున్నారు. మానుకున్న వాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చినారు. డ్రమ్ము కాడ హుసేనమ్మ నిలబడింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకోని, దుంగ మీద కాలు పెట్టి గుంజింది. అందుకుంది. ఆపింది. మళ్లీ గుంజింది. మళ్లీ అందుకుంది.

ఎస్తేరు లేచి వచ్చింది. "ఇంగ నేను" అనింది.

ఆమె గుంజింది. అందుకుంది. వెనక్కి తిరిగి, "రాండి ఒక్కొక్కరే" అని మిగిలిన వాళ్లను పిలిచింది. నేను, ఇదేంది అన్నాను.

"నీకు బాగలేక నువ్వు గుంజలేకపోతివి. రేపు హుసేనమ్మక్కకు బాగలేకపోవచ్చు. బోట్లో ఉండే వాళ్లు ఎవురు గుంజినా అందుకోవాల. అప్పుడు ఎక్కుతాం."

ఒక్కొక్కరే వచ్చినారు. ఒకామె గుంజబోయి వెనక్కి పడింది. అందరూ నవ్వినారు, పడినామె కూడా నవ్వింది. లేపి, ముందు మెల్లగా బిగువు తగిలేదాంక అని ఎస్తేరు చెప్పింది. నేను నడిమేట్లో చెప్పిన మాటే, ఇప్పుడామె మాట. ముసలామె ఒకామెకు ఎన్నిసార్లు గుంజినా కాలేదు. సరే, నీకు తెడ్డు అన్నారు. మిగిలిన వాళ్లందరికీ అందుకుంది. డ్రమ్ములో నీళ్లు సగం బయటికి చిమ్మిపోయినాయి. ఎండ ఎక్కింది. అవతల దేవేంద్రప్ప ఫోన్ మీద ఫోన్ చేస్తుండాడు, ఎవరూ ఎత్తలేదు.

నలుగురు పట్టుకోని ఇంజన్ బోటుకు తగిలించినారు. నేను గట్టు మీదే నిలబడుంటే, "నువ్వు ఎక్కవా?" అనింది హుసేనమ్మ. "నీళ్లు ఎవురు సెప్తారు?"

ఎక్కినాను. అలవాటు కొద్దీ వెనకకు పోబోయినాను. ఆడ ఆమె కూర్చోనుంది. ముందుకు పోయినాను. ముందు పలక మీద కూర్చున్న వాళ్లే క్యారియర్లన్నీ పట్టుకోవాలంట, నాకు తెలియదు. ఇన్నేండ్లు బోటు నడిపి ఆ సంగతి తెలియదు. ఒకటి తర్వాత ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టినారు. వెచ్చగా ఉన్నాయి. ఎవరిదాంట్లోనో ఎండు చేపల వాసన. కుడిచెయ్యి వాటి మీద అడ్డంగా వేసుకోని, జారిపోకుండా ఎడమచేత్తో అదిమిపెట్టుకున్నాను.

ఏరు ఎదురుగా ఉంది. వెనక కూర్చోని చూస్తే ఎప్పుడూ జనం తలకాయలు అడ్డమొస్తాంటాయి. ఈడ నుంచి ఏమీ అడ్డం లేదు.

"సుడి పక్క నుంచి పోదాం. కొంచెం పైకి పట్టు" అన్నాను.

వెనకాల ఎవరో తాడు గుంజినారు. అందుకుంది. ఎవరు గుంజినారో నేను తిరిగి చూడలేదు.